2024 జాతరకు మా దగ్గర లైటింగ్ పట్టీలు కట్టించుకున్న లారీ అన్నలకు

నమస్తే అన్నలారా. ములుగు రోడ్డు మీద మా ఆటో ఎలక్ట్రికల్ షాపుకు వచ్చే ఓనర్లకు, డ్రైవర్లకు రాస్తున్న. ముందు అసలు సంగతి చెప్త. 2024 ఫిబ్రవరి మేడారం జాతరకు ముందు మా దగ్గర ఎల్‌ఈడీ పట్టీలు కట్టించుకున్న బీఎస్-4 (బండి పొగ మీద సర్కారు పెట్టిన నిబంధన) బండ్లు ఉంటే ఒకసారి షాపుకు తీసుకురాండ్రి. ఆ వైరింగ్ మళ్ల కొత్తగ చేసిస్తం, పైసలు తీసుకోం. ఎందుకో కింద మొత్తం రాసిన.

మొన్న మార్చిలో, మిర్చి సీజన్ నడుమ, పరకాల దిక్కు నుంచి 2018 మోడల్ లారీ ఒకటి వచ్చింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు దింపి వాపసు పోతూ డ్రైవరన్న మా దగ్గర ఆపిండు. ఇండికేటర్ వేస్తే వైపర్ దానంతట అదే ఊగుతున్నది. తాళం తీసినంక గూడ పార్కింగ్ లైట్లు ఆరుతలేవు. రాత్రంతా అవి వెలిగి, పొద్దుగాల సెల్ఫ్ అందుకుంటలేదు. వారం రోజుల నుంచి పక్క బండి బ్యాటరీతోనే స్టార్ట్ చేసుకుంటున్నమన్నడు.

బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయిందని చెప్పిన. ఈ పేరు చెప్తే చాలామంది "పాత బండికి కంప్యూటర్ ఎక్కడిదే" అంటరు. ఎనకటి లారీలలో స్విచ్చు వేస్తే కరెంటు ఫ్యూజు, రిలే దాటి సీదా బల్బుకు పోయేది. 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్-4 అయినంక వచ్చిన కొన్ని మోడళ్లలో అట్ల లేదు. స్టీరింగ్ కింది స్విచ్చు తిప్పితే అది "ఇండికేటర్ కావాలె" అని కబురు మాత్రమే పంపుతది. ఆ కబురు అందుకుని బల్బుకు కరెంటు వదిలేది ఈ మాడ్యూల్. హెడ్‌లైట్లు, పార్కింగ్, వైపర్లు, హారన్ అన్నీ దాని చేతిలనే ఉంటయ్. మా షాపులో దాన్ని డబ్బా అంటం. అందుకే అది పాడైతే ఒక్క బల్బు ఆరిపోవుడు కాదు, ఒకదానికొకటి సంబంధం లేని పనులన్నీ ఒకేసారి తప్పుతయ్.

డబ్బా విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉన్నది. లోపల బోర్డు ఒక మూలకు మాడింది. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగిన నాడు బండి ఆ రోడ్డు మీదనే చిక్కుకున్నదని, క్యాబిన్‌లోకి నీళ్లొచ్చినయని డ్రైవరన్న చెప్పిండు. అది వినంగనే నాకు మొత్తం అర్థమైపోయింది అనుకున్న. ఆ తొందరనే నన్ను దెబ్బ కొట్టింది.

ఓనరన్న స్క్రాపులోంచి డబ్బా తెచ్చి పెట్టుమన్నడు. వద్దన్న, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడుత. డబ్బాలో ఆ బండి ఛాసిస్ నంబరు, ఆ బండికి ఏమేం ఉన్నయ్ అనే లెక్క రాసి ఉంటది. వేరే బండి డబ్బా పెడితే కనెక్టర్ పడుతది గని పని మాత్రం ఆ పాత బండి లెక్కనే చేస్తది. కొత్తది తెప్పించి, స్కానర్‌తో కోడింగ్ చేయించి పెట్టినం. డబ్బా వచ్చేదాకా బండి తొమ్మిది రోజులు మా షాపు ముందే నిలబడ్డది. డబ్బా ఖర్చు మా షాపు నెల కిరాయి కంటె ఎక్కువ. లైట్లు ఆరినయ్, వైపర్ ఆగింది, సెల్ఫ్ అందుకున్నది. పైసలు తీసుకుని బండి పంపిచ్చిన.

నాలుగో రోజు భూపాలపల్లి నుంచి ఫోన్. "తమ్మీ, డబ్బా మార్చినవ్ గదా, మళ్ల గదే కథ. లోడుతోని ఉన్న బండి, లైట్లు లేకుంట రాత్రి ఎట్ల నడుపుతం?" ఆయన గొంతులో కోపం కంటె అలసట ఎక్కువున్నది. నాకు అన్నం ముద్ద దిగలేదు. బైక్ మీద మీటరు, వైర్లు ఏసుకుని ఆ రాత్రికే పోయిన.

మొదటి రోజే చేయాల్సిన పరీక్షలు ఆ రాత్రి రోడ్డు పక్కన చేసిన. లైట్లన్నీ వేసి, బ్యాటరీ మైనస్‌కు, డబ్బా ఎర్తు పిన్నుకు నడుమ వోల్టేజి చూసిన. అది 0.1, 0.2 వోల్టులోపలనే ఉండాలె. ఇక్కడ 1.8 చూపిచ్చింది. క్యాబిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్తు పట్టీ బోల్టు కాడ వరద నీళ్ల తుప్పుతో పొడి పొడి అయ్యింది. ఎర్తు మంచిగ లేకపోతే కరెంటు వాపసు పోయేటందుకు ఇంకో దారి చూసుకుంటది. మోరీ పూడుకుపోతే నీళ్లు గట్టు తెంపుకుని పక్క మడిలో పడ్డట్టే ఇది. ఇండికేటర్ వేస్తే వైపర్ ఊగింది అందుకే. కొత్త డబ్బా పెట్టిన కొన్నాళ్లు అది ఓర్చుకున్నది, అంతే.

ఎర్తు ఒక్కటైతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. క్యాబిన్ లేపి చూసిన. క్యాబిన్ వంగే కాడ, పార్కింగ్ లైటు వైరుకు ఇంకో వైరు మెలేసి, టేపు చుట్టి ఉన్నది. ఆ టేపు బ్రాకెట్‌కు రాసుకుని రాసుకుని రాగి బయటపడ్డది. బండి నిలబడ్డప్పుడు ఏం కాదు. గుంతలో పడి క్యాబిన్ ఊగినప్పుడల్లా ఆ రాగి ఇనుముకు తగిలి షార్టయితది. షార్టయినప్పుడు డబ్బా ఆ లైన్‌ను తనే బంద్ చేసుకుని మళ్ల తెరుస్తది. రోజుకు వందల సార్లు అట్లయితే ఏ డబ్బా అయినా మాడుతది. షాపులో నిలబెట్టి చూసిన బండిలో ఆ షార్టు నాకు దొరకకపోవడానికి అదే కారణం.

ఆ మెలేసిన వైరు జాతరకు కట్టిన ఎల్‌ఈడీ పట్టీది. టేపు చూడంగనే అనుమానమొచ్చింది, మేం వాడే రకమే అది. పొద్దుగాల షాపుకొచ్చి పాత బిల్లు బుక్కు తీసిన. 2024 జనవరి పేజీలో అదే బండి నంబరు, అదే పని. కట్టింది మా షాపులో పిల్లగాడు, కానీ ఎక్కడి నుంచి కరెంటు తీయాల్నో చూపిచ్చింది నేను. అప్పుడు రద్దీ ఎక్కువుండె, దగ్గరున్న వైరుకు తగిలిచ్చుమన్న.

ఓనరన్నకు ఉన్నదున్నట్టు చెప్పిన. రెండో డబ్బా మా ఖర్చు మీదనే వేసినం, మొదటిసారి తీసుకున్న మజూరీ వాపస్ ఇచ్చిన. ఎర్తు పట్టీ కొత్తది వేసి, బోల్టు కాడ మెరిసేదాకా గీకి బిగించినం, మీటరు 0.06కు వచ్చింది. సీజన్‌లో బండి మొత్తం పదిహేను రోజులు ఆగింది. ఆ కిరాయిలు నేను వాపస్ ఇయ్యలేను. ఆ మాట ఆయన ముందటనే ఒప్పుకున్న.

ఇప్పటి నుంచి మా షాపులో పద్ధతి మారింది. మీటరు లెక్కలు కాగితం మీద రాసి, ఓనర్‌కు చూపిచ్చినంకనే డబ్బా ఆర్డర్ పెడ్తం. ఎర్తు డ్రాప్ (బ్యాటరీ మైనస్‌కు, డబ్బా ఎర్తు పిన్నుకు నడుమ వోల్టేజి) ఎంత, బ్యాటరీ ఎంత (24 వోల్టుల బండికి ఫుల్ చార్జిలో, ఇంజన్ బంద్ ఉన్నప్పుడు 25.2కు పైన ఉండాలె), డైనమో ఎంత ఇస్తున్నదన్నది రాస్తం. బండిలో ఉన్న కంప్యూటర్ డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు మెలేసిన వైర్లుంటయ్. బ్యాటరీ తీసి ఆ రెండిటి నడుమ చూస్తే 60 ఓమ్‌లు రావాలె, ఎందుకంటె రెండు చివర్ల 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటయ్. 120 వచ్చిందంటె ఒక దిక్కు వైరు గని రెసిస్టర్ గని తెగినట్టే. ఆ తర్వాత క్యాబిన్ లేపి, వైరింగ్‌ను చేత్తో ఊపి చూస్తం. ఇదంతా చేస్తే ఒక పూట పడుతది. "జల్ది చెయ్యి" అనకుండ్రి అన్నా.

మీ దిక్కు నుంచి గూడ ఒకటి కావాలె. బాడీకి వెల్డింగ్ పెట్టించేటప్పుడు బ్యాటరీ మైనస్ తప్పకుంట తీయించుండ్రి. బాడీ పని చేసేటోళ్లకు తెల్వక కాదు, తొందర. వెల్డింగ్ కరెంటు ఎర్తు దారి పట్టుకుని డబ్బా దాకా పోతే మేం చేసేది ఏం ఉండదు. వరదలో మునిగిన బండి అయితే, నడుస్తున్నా సరే, ఎర్తు పట్టీలు ఒకసారి చూపిచ్చుకోండ్రి. మీకు దగ్గరున్న ఏ ఎలక్ట్రీషియనైనా చూస్తడు, పది నిమిషాల పని.

బిల్లు బుక్కు ప్రకారం ఆ జాతరకు పట్టీలు కట్టించుకున్న బీఎస్-4 బండ్లు పదకొండు. ఏడుగురికి ఫోన్ చేసిన, అయిదు బండ్లు వచ్చి పోయినయ్. వాటిలో రెండిటికి రాగి బయటపడి ఉన్నది. ఇప్పుడు పట్టీలకు బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజు, రిలేతో లైన్ ఇస్తున్నం, డబ్బా వైర్లను ముట్టుకుంటలేం. మిగిలిన నలుగురి నంబర్లు మారినయ్. ఒకటి నర్సంపేట బండి, రెండు జనగామవి, ఒకటి హుజూరాబాద్‌ది. మీకు ఎరుకైనోళ్లయితే ఈ మాట చేరవేయుండ్రి. వాళ్లొచ్చేదాకా పొద్దున ఏడింటికే షాపు తెరుస్త, లోడు పోయేలోపల పని అయిపోతది.