ఆయకట్టు రైతుల సంఘం వార్షిక నివేదిక: ఈసారి కట్ట గురించే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. పిల్లకాలువల పూడికతీత, నీటి వంతులు ఎప్పటిలాగే అయిపోయాయి, జమాఖర్చుల పుస్తకం సంఘం గదిలో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక కట్ట సంగతి.

డ్యామ్ తనిఖీలో లోపాలను బట్టి ఇచ్చే మూడు కేటగిరీల్లో మన మట్టికట్టను రెండోదాంట్లో పెట్టారని తెలిసిన దగ్గర్నుంచి ఊళ్లో ఒకటే గొడవ. ఫస్ట్ కాకపోయినా సెకండ్ వచ్చింది కదా అని కొందరు, ఈ వానాకాలం కట్ట నిలవదట అని వాట్సాప్‌లో టెన్షన్ పెట్టేవాళ్లు కొందరు. ఇదేం పరీక్ష ర్యాంకు కాదండీ. ఒకటో కేటగిరీ అంటే కట్ట తెగేదాకా తీసుకెళ్లగల లోపాలున్నవి, రెండంటే పెద్ద లోపాలే, త్వరగా బాగుచేయాల్సినవి, మూడంటే చిన్నాచితకా లోపాలున్నవీ అసలేమీ లేనివీ.

ఇది కాక హజార్డ్ వర్గీకరణ వేరే ఉంది, చాలామంది రెంటినీ కలిపేస్తున్నారు. అది కట్ట ఎలా ఉందని చూడదు, ఒకవేళ తెగితే కింద ఎంతమందికి ఎంత నష్టమో చూస్తుంది. కట్ట కట్టిన రోజుల్లో దాని కింద అంతా వరిపొలాలే, ఇప్పుడు కాలనీ వచ్చింది, బడి వచ్చింది. కట్ట మీద ఒక్క రాయి కదలకపోయినా ప్రమాద తీవ్రత పెరిగినట్టే. (ప్లాట్లు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు లెండి.)

2021 డ్యామ్ సేఫ్టీ చట్టం మనకు వర్తిస్తుందా అని అడిగారు. 15 మీటర్ల ఎత్తు దాటినవన్నీ వస్తాయి. 10 నుంచి 15 లోపువి కొన్ని షరతుల మీద వస్తాయి, కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం అందులో ఒకటి, మనం వచ్చింది దాని కిందే. వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి తనిఖీ తప్పనిసరి. కింది ఊళ్లను ఎలా ఖాళీ చేయించాలో ప్లాన్ కూడా ఉండాలి. మన దగ్గర తనిఖీ జరిగింది, ప్లాన్ మాత్రం ఇంకా కాగితం మీదకే రాలేదు.

ఈ ఏడాది సంఘం చేసిన పెద్ద పని కట్ట మీద తుమ్మచెట్లు కొట్టించడం. నీడ పోయిందని తిట్టినవాళ్లున్నారు. కానీ చెట్టు చచ్చాక వేరు కుళ్లి మట్టిలో సొరంగం మిగులుతుంది, నీళ్లకు దారి దొరికేది అక్కడే. పందికొక్కుల బొరియలూ అంతే. తూము పక్కన ఊట గురించి భయపడుతున్నారు, మట్టికట్టకు కాస్త ఊట సహజమే, తేటగా వస్తున్నంతవరకు గమనిస్తే చాలు. ఎప్పుడైనా బురదగా వచ్చిందా, లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు, అర్ధరాత్రయినా లష్కర్‌కు (కాలువలు, తూములు చూసుకునే ఉద్యోగికి) ఫోన్ చేయండి.

అసలు భయం గేట్ల గురించే. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఎక్కువసేపు ఆగదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు అలాగే పోయింది, అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు, కింద పులపత్తూరు, తొగూరుపేట లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. 2024 జులై 18 రాత్రి తెలంగాణలోని అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు కట్ట తెగితే నీళ్లు రాష్ట్రం దాటి ఆంధ్రలోని వేలేరుపాడు మండలం మీద పడ్డాయి. మన గేట్లలో ఒకటి సగం దాకానే లేస్తోంది. అర్జీలు పెట్టాం, అధికారులు వచ్చి చూసి వెళ్లారు, గ్రీజు మాత్రం పూశారు.

వచ్చే మే నెలలో, నీళ్లు తక్కువున్నప్పుడే, గేట్లన్నీ పూర్తిగా ఎత్తి దించి చూపించమని రాతపూర్వకంగా అడుగుతున్నాం. ఆ రోజు ఇంటికొకరైనా కట్ట మీదకు రావాలి. కాలనీవాళ్లు ఆయకట్టుదారులు కాకపోయినా, కట్టకు ఏదైనా అయితే కబురు చేయడానికి ఫోన్ నంబర్లు సంఘానికి ఇవ్వండి, దీనికి చందా ఏమీ అక్కర్లేదు.