ఈ నెల మాట: బిసీజ్

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల పిల్లల ఇంగ్లిష్ నోటు పుస్తకాల్లో 'బిసీజ్' అనే క్రియ కనిపిస్తుంది. ముట్టడించడం అని అర్థం చటుక్కున చెప్పేస్తారు. తడబడేదంతా వాక్యం రాసేటప్పుడే.

మొదటి చిక్కు 'బిసీజ్'లోని 'సీజ్' దగ్గరే, అదీ మన లిపి వల్ల. పోలీసులు సరుకు 'సీజ్' చేశారంటాం, కోట ముట్టడినీ 'సీజ్' అనే రాస్తాం. ఇంగ్లిష్‌లో ఇవి వేరువేరు మాటలు. ముట్టడి మాట 'పేజ్' చివర పలికినట్టు ముగుస్తుంది, స్వాధీనం మాట 'క్విజ్' చివర పలికినట్టు. స్పెల్లింగూ అంతే: ముట్టడికి ఎస్, ఐ, ఈ, జి, ఈ, స్వాధీనానికి ఎస్, ఈ, ఐ, జెడ్, ఈ. ముట్టడి మాటలో జెడ్ దూరేది ఈ గందరగోళం వల్లే. రెండూ పైకి పలికించి, ఆ తర్వాతే రాయించండి.

అర్థంలో జాగ్రత్త ఇంకా ముఖ్యం. దీని మూలం 'కూర్చోవడం' అనే లాటిన్ మాట. సైన్యం కోట చుట్టూ తిష్ఠ వేసి, తిండీ సాయమూ లోపలికి పోనివ్వకపోవడం అన్నమాట. ముట్టడించినంత మాత్రాన గెలిచినట్టు కాదు. ఒట్టోమన్ తుర్కుల సైన్యం 1453 ఏప్రిల్ 6న కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) ముట్టడి మొదలుపెట్టింది; నగరం చేతికొచ్చింది మే 29న. రష్యా నగరం లెనిన్‌గ్రాడ్ అయితే 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా ముట్టడిలో ఉండి కూడా లొంగలేదు. అందుకే 'జయించారు', 'దాడి చేశారు' అని అనువదిస్తే తప్పు.

'కోటపై ముట్టడి' అనే అలవాటుతో పిల్లలు క్రియ పక్కన 'ఆన్' చేరుస్తారు. అక్కర్లేదు: 'దే బిసీజ్డ్ ద ఫోర్ట్', అంతే. 'లే సీజ్' అని నామవాచకంతో చెబితే మాత్రం 'టు' తప్పనిసరి.

యుద్ధం లేని వాడుక కూడా నేడు తరచుగా ఎదురవుతుంది. 'ద టీచర్ వాజ్ బిసీజ్డ్ విత్ క్వశ్చన్స్' అంటే 'టీచరు ప్రశ్నలతో ముట్టడించబడ్డారు' అని రాయకండి, అది తెలుగు కాదు. 'ప్రశ్నలతో టీచరును ఉక్కిరిబిక్కిరి చేశారు' అనాలి. చుట్టుముట్టింది మనుషులైతే 'బై', ప్రశ్నలో ఫోన్లో అయితే సాధారణంగా 'విత్'. ఒక్కరు వచ్చి ఒక్క ప్రశ్న అడిగితే ఈ క్రియ చెల్లదు, తాకిడి ఉండాలి.

ఇంట్లో మూడు వాక్యాలు రాయించండి: కోట మీద ఒకటి, జనం గుంపు మీద ఒకటి, ప్రశ్నల మీద ఒకటి. 'ఇంగ్' చేర్చేటప్పుడు చివరి 'ఈ' తీసేశారో లేదో చూడండి. తప్పుంటే మీరు దిద్దకండి, కింద గీత గీసి పంపండి. తరగతిలో వాళ్లతోనే దిద్దిస్తాం.

ప్రధానోపాధ్యాయులు