శాండ్‌విచ్‌లోకి మయొనైజ్ ఎందుకు, ఇంట్లో శనక్కాయలుండగా

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్‌తో వచ్చిన పుస్తకంలో శాండ్‌విచ్‌ల మీద రెండు పేజీలు వేశారు. ఫోటోలు బాగున్నాయి. ఇంగ్లండ్‌లో శాండ్‌విచ్ ఎర్ల్ అనే బిరుదున్న జాన్ మాంటెగ్యూ వల్ల ఆ తిండికి ఆ పేరొచ్చిన సంగతి మా అమ్మాయి గట్టిగా చదివి అందరికీ వినిపించింది కూడా. చివర్లో, మీకు ఇష్టమైన శాండ్‌విచ్ ఏది, పక్కన ఏం పెట్టుకుంటారు, రాయండి అని పాఠకులను అడిగారు కదా, అందుకే ఈ ఉత్తరం. కానీ మీరు చెప్పిన పది రకాల్లో ఏడింటికి మయొనైజ్ అనే తెల్ల క్రీమ్ పూయమన్నారు, పక్కన పెట్టుకోవడానికి ఫ్రెంచ్ ఫ్రైస్, చిప్స్, టమాటా సాస్. ఒక్కదాంట్లో కూడా శనక్కాయ లేదు. అనంతపురంలో కూర్చుని ఆ పేజీ చదివితే నాకు నిజంగా బాధ అనిపించింది.

మాది పాతూరు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. అబ్బాయి ఇంటర్, అమ్మాయి పదో తరగతి. ఇద్దరికీ పొద్దున్నే బాక్సులు కట్టాలి, వారంలో రెండు రోజులైనా బ్రెడ్డే కావాలంటారు. దాని మీద నేను గొడవ పెట్టుకోను, బ్రెడ్ తినే వయసు వాళ్లది, తిననీ. ఆ రెండు ముక్కల మధ్య ఏముందన్నదే నాకు కావాలి.

నాకు ఇష్టమైన శాండ్‌విచ్ నేను చేసేదే చెప్తాను. శనక్కాయ విత్తనాలు ముందు చాటలో పోసి ఏరతాను. ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసన కొట్టేవి ఎన్నున్నా సరే పారేస్తాను, ఎందుకంటే బూజు పట్టిన శనక్కాయలో అఫ్లాటాక్సిన్ అని ఒక విషం పుడుతుంది, అది వేయించినా పూర్తిగా పోదు, లివర్‌కు చేటు. ఏరినవాటిని ఇనుప పెనం మీద సన్నసెగలో వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన పొట్టు మాడి లోపల పచ్చిగానే ఉంటుంది. చల్లారాక అరచేతుల్లో నలిపి చాటలో చెరిగితే పొట్టంతా ఎగిరిపోతుంది. ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ పాయలు, జీలకర్ర, ఉప్పు, రెండు రెక్కల చింతపండు వేసి రోట్లో బరకగా దంచుతాను. మిక్సీలో ఆపకుండా తిప్పితే శనక్కాయ నూనె వదిలి ముద్దైపోతుంది, మిక్సీయే గతి అనుకుంటే ఆపి ఆపి తిప్పండి.

బ్రెడ్ ముక్కకు ముందు వెన్న గానీ నెయ్యి గానీ అంచుల దాకా పూయాలి, లేకపోతే టమాటా నీళ్లు పట్టి మధ్యాహ్నం బాక్సు తెరిచేసరికి బ్రెడ్ నానిపోయి ఉంటుంది. దాని మీద పొడి దండిగా చల్లి, ఉడికించి ఉప్పు పసుపు వేసి మెదిపిన ఉర్లగడ్డ పరిచి, ఎర్రగడ్డ చక్రాలు, గింజలు తీసేసిన టమాటా ముక్కలు పెట్టి, పైన ఇంకో బ్రెడ్ ముక్క మూసి పెనం మీద వేస్తాను. మా ఇంట్లో టోస్టర్ లేదు. నీళ్లు నింపిన చిన్న స్టీలు గిన్నె దాని మీద బరువు పెడతాను, గిన్నె బరువు పడినంత మేర కింద గుండ్రంగా ఎర్రగా కాలుతుంది. మా అమ్మాయి ముందు చుట్టూ అంచులన్నీ తినేసి ఆ గుండ్రాన్ని చివరికి మిగుల్చుకుంటుంది.

మా నాయన కళ్యాణదుర్గం పక్కన ఐదెకరాల్లో శనక్కాయ వేసేవాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు, పూత తర్వాత కాయ కట్టడానికి ఊడలు భూమిలోకి దిగే టైంలో వాన ముఖం చాటేస్తే కాయలుండవు, పశువుల మేతకు ఎండిన శనక్కాయ కట్టె మాత్రం మిగులుతుంది. అయినా మళ్లీ జూన్ వచ్చిందంటే విత్తనాల కోసం లైన్లో నిలబడేవాడు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 రకం గురించి, ఆ తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి గురించి మా ఇంట్లో మాట్లాడుకున్నంతగా సినిమాల గురించి కూడా మాట్లాడుకోలేదు. అదే శనక్కాయను మేం అనంతపురంలో శనక్కాయ అంటాం, కర్నూలు పక్కకు పోతే బుడ్డలంటారు, మీ పేపర్లో వేరుశనగ అని రాస్తారు. పేరు ఏదైనా దానికి బ్రెడ్ మధ్యలో చోటు ఎందుకు లేదు?

అమెరికాలో చూడండి, బడి పిల్లల బాక్సుల్లో తరచూ కనిపించేది శనక్కాయ వెన్న, పండ్ల జామ్ పూసిన బ్రెడ్డే. ఆ వంటకం 1901లోనే అక్కడి వంటల పత్రికలో అచ్చయింది. 1928లో మిషన్‌తో ముక్కలు కోసిన బ్రెడ్ షాపుల్లోకి వచ్చాక, కత్తి పట్టుకునే పని లేదు కాబట్టి చిన్న పిల్లలు కూడా సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టారు. అక్కడి పిల్లలు శనక్కాయ తిని పెరుగుతుంటే, శనక్కాయ పండించే ఊర్లో పుట్టిన పిల్లలేమో ఎక్కడో తయారై డబ్బాలో వచ్చిన తెల్ల క్రీమ్ తినాలా? నూరు గ్రాముల శనక్కాయల్లో 25 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. మయొనైజ్‌లో ఉండేది చాలావరకు నూనే. మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ ఇచ్చేది కూడా ఇందుకే కదా. శనక్కాయ పడని పిల్లలు కొందరుంటారు, తింటే దద్దుర్లు, ఆయాసం వస్తాయి, వాళ్లకు మాత్రం అస్సలు పెట్టకూడదు, ఇంకొకరి పిల్లలకు పెట్టే ముందు ఒక మాట అడగాలి.

మయొనైజ్ మీద నాకు కోపం ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, ట్యూషన్ అయిపోయాక మా అమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి ఒక షాపులో శాండ్‌విచ్ తినింది. షాపు పేరు రాయను, వాళ్లకూ పిల్లలున్నారు, బతకాలి. ఆ రాత్రి పదకొండు నుంచి వాంతులు, విరేచనాలు. తెల్లారేసరికి పిల్ల కళ్లు లోపలికి పోయాయి, రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. నాకు ఆ రెండు రోజులూ ఎంత టెన్షన్ అంటే మిషన్ మీద సగం కుట్టిన పెళ్లి జాకెట్ అలాగే ఉండిపోయింది. డాక్టర్ గారు బయట తిండి పడలేదమ్మా అన్నారు తప్ప దేనివల్ల అని చెప్పలేదు, నేనూ మయొనైజ్ వల్లనే అని ఒట్టేసి చెప్పలేను. కానీ వారం తర్వాత ఆ షాపుకు వెళ్లి చూశాను. మయొనైజ్ డబ్బా మూత లేకుండా కౌంటర్ మీద ఉంది, సాయంత్రం ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. అందులో పెట్టిన స్పూన్ పిడి దాకా మునిగిపోయి ఉంది.

గుడ్డు మయొనైజ్ అంటే పచ్చి గుడ్డు సొనను నూనెతో చిలికి చేసేది, ఎక్కడా పొయ్యి ఎక్కదు. గుడ్డులో సాల్మొనెల్లా లాంటి క్రిములుంటే అవి అలాగే ఉంటాయి, ఎండకు పెరుగుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో పచ్చి గుడ్డు మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే పని చేసింది. అనంతపురం ఎండ వాళ్ల ఎండకు ఏమైనా తీసిపోయిందా? ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది. గుడ్డు లేని మయొనైజ్ వాడుతున్నాం అక్కా అని కొందరు షాపువాళ్లు చెప్తారు, సరే, అదైనా మూత తీశాక ఫ్రిజ్‌లో ఉండాలి కదా.

శాండ్‌విచ్ మనది కాదు కాబట్టి మన రుచి దానికి నప్పదు అనేవాళ్లు ఒకసారి బెంగళూరు రోడ్డు పట్టి పోతే తెలుస్తుంది. అయ్యంగార్ బేకరీల్లో మసాలా టోస్ట్ అని ఇస్తారు, మా ఊర్లోనూ దొరుకుతుంది. సన్నగా తరిగిన ఎర్రగడ్డ, క్యారెట్ కోరు, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, వెన్న వేసి పెద్ద పెనం మీద కాల్చిన బ్రెడ్డు, అంతే. కారం బన్ను, దానిలోకి వెన్న, పైన కాంగ్రెస్ అని పిలిచే మసాలా శనక్కాయ పప్పు. 1969లో కాంగ్రెస్ పార్టీ చీలినప్పుడు, రెండుగా చీలిన ఆ పప్పుకు ఆ పేరు వచ్చిందని బెంగళూరులో చెప్పుకుంటారు. బొంబాయివాళ్లు బ్రెడ్ మధ్యలో కొత్తిమీర చట్నీ, ఉర్లగడ్డ, బీట్‌రూట్, దోసకాయ పెట్టుకుని దాన్ని సొంతం చేసుకున్నారు. మరి మన సీమ శాండ్‌విచ్ ఏది? మా అవ్వ చేను కాడికి పోయేటప్పుడు జొన్నరొట్టె మీద ఇంత శనక్కాయ కారం వేసి, నూనె చుక్క వేసి, పచ్చి ఎర్రగడ్డ చితక్కొట్టి పెట్టి, మడత పెట్టి గుడ్డలో కట్టుకునేది. ఒక చేత్తో పట్టుకుని, గట్టు మీద కూర్చుని తినేది. దాన్ని ఇంకేమనాలి?

పక్కన ఏం పెట్టుకుంటారని కూడా అడిగారు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, ఎందుకంటే మా రాయలసీమలో పక్కన పెట్టేదానికి ఉన్న మర్యాద వేరు. కర్నూలు నుంచి అనంతపురం దాకా పొద్దున్నే ఏ బండి దగ్గరైనా నిలబడి చూడండి, ఉగ్గాణి ఒక్కటే ఇవ్వమని ఎవరూ అడగరు, "ఉగ్గాణి బజ్జీ ఒక ప్లేట్ అన్నా" అంటారు. రెండు పేర్లు కలిసి ఒక పేరైపోయాయి. బొరుగులు నీళ్లలో వేసి, నానీ నానకముందే నీళ్లు పిండేసి తీసి, తిరువాతలో ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, టమాటా, పసుపు మగ్గాక అందులో కలిపి, పైన పప్పుల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. ఆ మెత్తటి బొరుగుల పక్కన కరకరలాడే మిరపకాయ బజ్జీ లేకపోతే తిన్నట్టే ఉండదు. కడపలో కారం దోశ కూడా అంతే, ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లిన ఆ దోశకు పక్కన చట్నీ లేకుండా ఎవరైనా ఇస్తే ప్లేట్ వెనక్కి ఇచ్చేస్తారు. మెత్తనిదానికి కరకరలాడేది, కారానికి చల్లబరిచేది, ఇలా ఆలోచించి పెట్టిన జతలు ఇవి.

అందుకే నేను శనక్కాయ శాండ్‌విచ్ పక్కన ఎప్పుడూ చిప్స్ పెట్టను. కాయలు వచ్చే రోజుల్లో ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి శనక్కాయలు, ఎండాకాలంలో దోసకాయ ముక్కల మీద ఉప్పు నిమ్మరసం, ఇంట్లో ఎండబెట్టిన మజ్జిగ మిరపకాయలు రెండు వేయించి. తాగడానికి చీనీ రసం, అంటే బత్తాయి రసం. చీనీకాయలు మా జిల్లాలో అంత పండుతాయి, పిల్లలు మాత్రం రంగు నీళ్ల బాటిళ్లు కొంటారు. మా అబ్బాయి బాక్సులో ఒకసారి శాండ్‌విచ్ పక్కన ఉగ్గాణి పెట్టి పంపాను, తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన కూర్చున్నట్టు ఉందని వాడి ఫ్రెండ్స్ అన్నారట, కానీ సాయంత్రం బాక్సు కడిగినట్టు ఖాళీగా వచ్చింది. మరుసటి రోజు వాడి ఫ్రెండ్ ఒకడు ఆంటీని అడిగి పొడి తెమ్మన్నాడని సీసా తీసుకుపోయాడు.

షాపులు పెట్టుకున్న తమ్ముళ్లకు కూడా మీ పేపర్ ద్వారా ఒక మాట. మయొనైజ్ పూర్తిగా మానేయమని నేను చెప్తే మీరు మానరు, నాకు తెలుసు. మెనూలో ఒక్క లైన్ పెంచండి, శనక్కాయ టోస్ట్ అని. పొడి ఫ్రిజ్ లేకుండానే నిల్వ ఉంటుంది, కరెంట్ పోయినా చెడిపోదు, డబ్బా మయొనైజ్ కంటే ఖర్చు ఎక్కువ పడదు, కొనేది మన రైతు దగ్గర. నెల రోజులు పెట్టి చూడండి, అమ్ముడుపోకపోతే తీసేయండి.

మీ పేపర్‌కు ఇంకో మాట చెప్పాలి, తప్పుగా అనుకోవద్దు. బజ్జీలు, బోండాలు, టోస్టులు అన్నీ పాత న్యూస్ పేపర్లోనే చుట్టి ఇస్తున్నారు. వేడి నూనెకు అచ్చు సిరా కరిగి బజ్జీ మీద అక్షరాలు అంటుకోవడం నేను కళ్లారా చూశాను, మా అమ్మాయి చేతిలో బజ్జీ మీద ఒక హెడ్డింగ్ సగం ఉల్టాగా కనపడింది. పేపర్లో తిండి చుట్టొద్దని దేశంలో తిండి భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే చెప్పింది, 2018లో వచ్చిన ప్యాకింగ్ నిబంధనల్లోనూ అదే ఉంది. ఈ మాట నాలాంటివాళ్లు బండి దగ్గర చెప్తే వినరు, పేపర్ వాళ్లే చెప్తే వింటారు. మొదటి పేజీలో అక్కర్లేదు, జిల్లా పేజీలో ఒక మూల చిన్న బాక్సు కట్టి రోజూ వేయండి, ఆ బజ్జీ చుట్టేవాడికి కూడా కనపడుతుంది. విస్తరాకు ముక్క ఉంది, అరటాకు ఉంది, తెల్ల కాగితం ఉంది.

వచ్చే ఆదివారం పేజీలో మన ఊర్ల టోస్టులు, రొట్టెలు, వాటి పక్కన పెట్టుకునేవి రాయించండి. ఆదోనిలో ఎలా తింటారో, ప్రొద్దుటూరులో ఏం పెట్టుకుంటారో చదవాలని నాకు ఆశగా ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పాతూరు, అనంతపురం.

మళ్లీ: కొలతలు రాయడం మర్చిపోయాను, ఎవరైనా అడుగుతారు. ఒక గ్లాసు శనక్కాయ విత్తనాలకు ఎండుమిరపకాయలు ఎనిమిది, తెల్లగడ్డ పాయలు ఆరు, జీలకర్ర అర స్పూన్, చింతపండు రెండు రెక్కలు, ఉప్పు సరిపడా. పిల్లలకైతే మిరపకాయలు ఐదు చాలు. తెల్లగడ్డ పొట్టు తీయకుండానే ఆఖర్న వేసి రెండు పోట్లు పొడవండి. తడి తగలని గాజు సీసాలో పెడితే మా ఇంట్లో రెండు వారాలు ఉంటుంది, అంతకు మించి ఎప్పుడూ మిగల్లేదు.