డీడీజీఎస్ సంచి మీద ప్రోటీన్ అంకె ఒక్కటే చాలదు

ఎడిటర్ గారికి,

ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్ (గింజల్లోంచి స్పిరిట్ తీశాక మిగిలిన పిప్పిని ఆరబెట్టినది) పాడి రైతులకూ, కోళ్ల ఫారాలకూ మామూలు దాణా అయిపోయింది. బేరమంతా ప్రోటీన్ శాతం మీదే: మొక్కజొన్నదైతే 26–30, నూకలదైతే 40 పైన. ఆ పిప్పిని ఎలా ఆరబెట్టారని మాత్రం ఎవరూ అడగరు.

డ్రయ్యర్‌లో వేడి మితిమీరితే లైసిన్ (ప్రోటీన్లో ఉండే, కోడి పెరగడానికి తప్పనిసరైన అమైనో ఆమ్లం) పిప్పిలోని చక్కెరలతో అతుక్కుపోతుంది, కోడికి ఒంటబట్టదు. ల్యాబ్ రిపోర్టులో ఇది కనిపించదు. అక్కడ ప్రోటీన్ అంటే నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసిన అంకె. మాడినంత మాత్రాన నత్రజని పోదు కాబట్టి 28 శాతం 28గానే ఉంటుంది. (యూరియా కలిపితే పెరుగుతుంది కూడా, అది వేరే గొడవ.) అందుకే లైసిన్‌కీ పరీక్ష చేయించాలి. మొక్కజొన్న సరుకైతే ప్రోటీన్‌లో 2.8 శాతం, అంటే 28 శాతం ప్రోటీన్‌కి సరుకు బరువులో సుమారు 0.78 శాతం ఉండాలి. తగ్గితే మాడిందని అనుమానించాల్సిందే. గేదెలకైతే ఓ మోస్తరు వేడి మేలే. ఆ ప్రోటీన్ పెద్ద పొట్టలో కరిగిపోకుండా పేగుల దాకా చేరుతుంది. మరీ మాడిందా, పేడలోకే.

ల్యాబ్ అందుబాటులో లేకపోతే గుప్పెడు తీసి చూడండి. లేత బంగారు రంగు, పులిసిన తియ్యటి వాసన ఉంటే పర్వాలేదు. కాఫీపొడి రంగుతో పాటు మాడు వాసన కూడా వస్తే వద్దు. సిరప్ (పిప్పి నుంచి వేరుచేసిన నీళ్లను చిక్కబరిచినది) ఎక్కువ కలిపినా రంగు ముదురుతుంది, కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చకూడదు. గోలీలంత ఉండలుంటే ఒకటి చిదమండి. పైన మాడి, లోపల చెమ్మ తగులుతుంది. సంచి మొత్తానికి తేమ 11 శాతమే వచ్చినా బూజు ఆ ఉండల్లోంచే మొదలవుతుంది.

ఆఫ్లాటాక్సిన్ (గింజకు పట్టిన బూజు పుట్టించే విషం) డ్రయ్యర్ వేడికి పోతుందనుకోవడం భ్రమ. పిండిపదార్థం స్పిరిట్‌గా మారిపోయాక గింజలో ఉన్న విషం పిప్పిలో దాదాపు మూడింతలవుతుంది. పాలలోకీ దిగుతుంది.

తడి పిప్పి చవకే గానీ అందులో 65–70 శాతం నీళ్లే. మూడు కిలోల తడిది ఒక కిలో ఎండుదానితో సమానం. రవాణా ఖర్చు కలిపి లెక్కేసుకోవాలి. ఎండాకాలంలో రెండు మూడు రోజులకే పాడవుతుంది. కళ్లంలో ఎండబెట్టేవాళ్లు అంగుళం మందానికి మించకుండా పరిచి తిరగేస్తుండాలి. మబ్బు పట్టిన రోజుల్లో ఆ పని పెట్టుకోవద్దు.

సంచి మీద తేమ, లైసిన్, ఆఫ్లాటాక్సిన్ అంకెలు, ఆరబెట్టిన పద్ధతి ముద్రించేలా పశుసంవర్ధక శాఖ ఫ్యాక్టరీలను ఒప్పించాలి.

– ఒక దాణా విశ్లేషకుడు, విజయవాడ