గోల్ కొట్టిన సంగతి ఎక్కడ రాసి ఉంది? – క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరులో నలభై ఏళ్లుగా ఫుట్‌బాల్ వార్తలు రాస్తున్న విలేకరిని. ఒక అబ్బాయి కోసం మొదలుపెట్టిన ఉత్తరం ఇది. రాస్తూ ఉంటే పెద్దదైంది. ఓపికగా చదవమని ప్రార్థిస్తున్నాను.

2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ నీళ్లలో మునిగిన ఒక ట్రంకు పెట్టెలో ఆ అబ్బాయి ఆటల సర్టిఫికెట్లు ఉన్నాయి. తరువాత క్రీడా కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు చేయబోయి నకళ్ల కోసం వెళితే, ఆ ఏడాది రికార్డే లేదన్నారు. ఎవరో చెప్పగా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆటల వివరాలు రాసుకునే నా నోటుపుస్తకం తీశాను. అంతర్ జిల్లా పోటీలు, సెమీఫైనల్, 2–1. రెండో గోల్ 61వ నిమిషంలో, కార్నర్ నుంచి వచ్చిన బంతి, ఎడమ కాలు. పక్కనే అతని పేరు, తండ్రి పేరు, ఊరు. “అవును సార్, ఎడమ కాలే” అన్నాడు. ఆ పేజీ జిరాక్స్ పట్టుకుని మళ్లీ వెళితే, దీని మీద ముద్ర ఏదని అడిగారట. ఈలోగా గడువు దాటిపోయింది.

ఆ పుస్తకాల కథ చెప్పాలి. మేము పత్రికలకు లైన్ అకౌంట్ మీద రాసేవాళ్లం. ఎన్ని లైన్లు అచ్చయితే అంత డబ్బు. గెలిచిన జట్టు, స్కోరు, బహుమతులు అందజేసిన పెద్దల పేర్లు వేసేసరికి చోటు అయిపోయేది. గోల్ కొట్టినవాడి పేరు చాలాసార్లు ఎగిరిపోయేది. అలా ఎగిరిపోయిన పేర్ల కోసమే వేరే నోటుపుస్తకం పెట్టాను. ఇప్పటికి 31 అయ్యాయి.

గణాంకాలంటే కూడికలు, తీసివేతలే అనుకుంటారు. అసలు కష్టం పేర్ల దగ్గర ఉంటుంది. మా జిల్లాలో ఒకే జట్టులో ముగ్గురు పెంచలయ్యలు, ఇద్దరు మస్తాన్‌లు ఆడిన రోజులున్నాయి. “పెంచలయ్య గోల్ చేశాడు” అని రాస్తే ఏ పెంచలయ్య? ఆట అయ్యాక నెల్లూరులోని వీఆర్‌సీ మైదానం గేటు దగ్గర నిలబడి ఇంటిపేరు, ఊరు అడిగి రాసుకునేవాణ్ణి. బంతి ఎవరికి తగిలి లోపలికి వెళ్లిందో అనుమానం వస్తే రిఫరీని, ఇద్దరు గోల్‌కీపర్లను అడిగి, ముగ్గురి మాటా కలిసినప్పుడే సిరా పెన్నుతో రాసేవాణ్ణి. కలవకపోతే ఈనాటికీ అక్కడ పెన్సిల్ గీతే ఉంది. బడుల వ్యాయామ ఉపాధ్యాయులు తమ రిజిస్టర్లు చూపించకపోతే నా పని సగం కూడా అయ్యేది కాదు.

ఇంగ్లండ్‌లో ఈ పనికి ఎంత మర్యాద ఉందో చూడండి. 1970లో మొదలైన ఫుట్‌బాల్ వార్షిక గ్రంథానికి జాక్ రోలిన్ దశాబ్దాలపాటు సంపాదకత్వం వహించారు. తరువాత ఆయన కుమార్తె గ్లెండా తోడయ్యారు. మన దేశంలో నోవీ కపాడియా ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూనే భారత ఫుట్‌బాల్ చరిత్రను జీవితాంతం పోగుచేశారు. 2021 నవంబరు 18న ఆయన కన్నుమూశారు. ఇలాంటివారు లేకపోతే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాపై 4–2తో గెలిచిన రోజు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడని మన పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఆ జట్టును నాలుగో స్థానం దాకా నడిపించిన శిక్షకుడు హైదరాబాద్ వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. రాత లేనిచోట పుకారు రాజ్యమేలుతుంది. బూట్లు లేకుండా ఆడనివ్వలేదు కాబట్టే 1950 ప్రపంచ కప్‌కు మనవాళ్లు వెళ్లలేదని ఇప్పటికీ చెబుతారు. కాగితాలు తిరగేసినవారు మాత్రం దూర ప్రయాణాన్ని, సాధనకు సమయం చాలకపోవడాన్ని, ప్రపంచ కప్ కన్నా ఒలింపిక్స్‌కే విలువ ఇచ్చిన ఆనాటి ఆలోచనను చూపిస్తున్నారు.

మా ప్రాంతం చిక్కు ఇంకొకటి. 1953 అక్టోబరు 1 దాకా మేము మద్రాసు రాష్ట్రం. 1956 తరువాత రాజధాని హైదరాబాద్. 2014లో అదీ వేరైంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు అటు వెళ్లింది, 2022లో తిరిగి నెల్లూరులో కలిసింది. సరిహద్దు గీత మారినప్పుడల్లా ఫైళ్లు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారాయి, కొన్ని దారిలోనే పోయాయి. కందుకూరులో 1990లలో ఆడిన పిల్లవాడు తన ఆట రుజువు కోసం ఒంగోలు వెళ్లాలా, నెల్లూరు రావాలా? 1965–66లో రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్ జట్టులో మన జిల్లాలవారు ఎందరని ఎవరైనా అడిగితే, చూపించడానికి ఈ రాష్ట్రంలో ఒక అల్మారా ఉండాలి కదా!

మంత్రి గారూ, నాకు పింఛను అడగడం లేదు, సన్మానమూ అక్కరలేదు. మైదానంలో రిఫరీకి రోజు భత్యం ఇస్తున్నట్టే స్కోరు రాసేవారికీ ఇవ్వండి. జిల్లాకు ఒకరినైనా గుర్తించి నియమించండి. ప్రతి పోటీకి రెండు జట్ల పేర్లు, గోల్స్, నిమిషాలు ఉన్న కాగితం మీద రిఫరీ సంతకం చేయించి, ఒక ప్రతి జిల్లా క్రీడా ప్రాధికార సంస్థలో, ఇంకొకటి కంప్యూటర్‌లో ఉంచండి. ముద్ర ఆ రోజే, ఆ మైదానంలోనే పడాలి. పదేళ్ల తరువాత పిల్లవాడు దాని కోసం తిరగకూడదు. ఇళ్లలో ఉన్న పాత రిజిస్టర్లను సేకరించే పని కూడా వెంటనే మొదలుపెట్టాలి. పదవీ విరమణ చేసిన వ్యాయామ ఉపాధ్యాయులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, ఆ తరువాత వాళ్ల రిజిస్టర్లు పాత కాగితాల బండికి పోతున్నాయి.

నా 31 పుస్తకాలూ ఇచ్చేస్తాను. నెల్లూరు పురమందిరం (టౌన్‌హాలు)లోని వర్ధమాన సమాజం గ్రంథాలయంలో ఉంచినా సరే, మీ శాఖ తీసుకెళ్లినా సరే. పన్నెండో పుస్తకానికి ఇప్పటికే చెద పట్టింది, అట్ట దగ్గర కొన్ని పేర్లు పోయాయి. అక్టోబరు దాటితే మాకు తుపానుల కాలం. అంతకు ముందే ఎవరినైనా పంపండి.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక ఫుట్‌బాల్ విలేకరి