ఎవురి యమ్మకైనా సరిపోయే కవిత

సంపాదకులకు నమస్కారం.

మనిషి రాసిన కవితకూ ఏఐ రాసిన కవితకూ తేడా చెప్పడం ఇక ఎవరి వల్లా కాదనీ, కవులు తట్టాబుట్టా సర్దుకోవాల్సిందేననీ ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం గురించి, నాకు రోజూ కళ్ళముందు కనబడేది చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నాది చిత్తూరులో చిన్న డీటీపీ షాపు. పెళ్ళి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, స్కూలు సంచికలు అన్నీ చేస్తాను. ఒకప్పుడు కార్డులో కవిత కావాలంటే కాగితం మీద రాసుకొచ్చేవాళ్ళు, లేదంటే తెలిసిన తెలుగు అయ్యవారి చేత రాయించుకొచ్చేవాళ్ళు. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు చాలామంది దాని చేతో, అలాంటి ఇంకోదాని చేతో రాయించి వాట్సాప్‌లో పంపిస్తున్నారు.

సగం నిజం అని ఎందుకన్నానంటే, అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో దీని మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. షేక్‌స్పియర్, విట్మన్, ఎమిలీ డికిన్సన్ లాంటి 10 మంది ఇంగ్లీషు కవుల కవితలనూ, వాళ్ళ ధోరణిలో చాట్‌జీపీటీ రాసినవాటినీ కలిపి 1,634 మందికి చూపించి, ఏది మనిషిదో ఏది యంత్రానిదో చెప్పమన్నారు. సరైన జవాబులు నూటికి 46.6 మాత్రమే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 దాకా వచ్చేవి. పైగా యంత్రం రాసినవాటినే మనిషివని ఎక్కువగా అనుకున్నారు. ఇంకో విడతలో లయ, అందం లాంటివాటికి మార్కులు వేయమంటే చాలావాటిలో యంత్రానికే ఎక్కువ పడ్డాయి. వీళ్ళు కవిత్వం లోతుగా చదివినవాళ్ళు కారు. యంత్రం కవితలు చదవగానే అర్థమవుతాయి కాబట్టి నచ్చి ఉంటాయనీ, అర్థంకాని కవితను యంత్రం తడబాటు అనుకుని ఉంటారనీ పరిశోధకులే చెప్పారు. ఆ లెక్కల్ని నేను కొట్టిపారేయను. నా షాపుకొచ్చే ఏఐ కవితలు కూడా బాగానే ఉంటాయి. ప్రాస కుదురుతుంది, చదివితే వినసొంపుగా ఉంటుంది.

ఈ మధ్య పాకాల దగ్గరి పల్లె నుంచి ఒకాయన తల్లి పెద్దకర్మ కార్డు కొట్టించడానికి వచ్చారు. వాళ్ళ అక్క కొడుకు ఫోన్లో తయారుచేసి పంపిన కవిత చూపించారు. ‘అమ్మా, నీ ప్రేమ అంతులేని సాగరం, నీ ఒడి మాకు చల్లని దేవాలయం’ అని మొదలవుతుంది. టైప్ చేసి, ఆమె ఫొటో కింద పెట్టి స్క్రీన్ మీద చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ‘బాగుందక్కా. కానీ ఇది ఎవురి యమ్మకైనా సరిపోతాది గదా. మా యమ్మ యాడుంది ఇందులో?’ అన్నారు. ఆయనకు తెలియదు గానీ, అదే వారం గుడిపాల వైపు నుంచి వచ్చిన ఇంకో కుటుంబం కార్డులో కూడా ఆ సాగరమూ ఆ దేవాలయమూ నేనే కొట్టాను.

‘మీ అమ్మ గురించి మీరే చెప్పండన్నా’ అన్నాను. రాయడం రాదన్నారు. ‘రాయొద్దు, చెప్పండి చాలు, నేను టైప్ చేస్తా’ అన్నాను. కాసేపు గమ్మున ఉండి మొదలుపెట్టారు. మామిడికాయల కాలంలో ఆమె దామలచెరువు మండీలో కాయలు ఏరే పనికి పోయేదట. సొన పడి వేళ్ళు పొక్కిపోయేవట. రాత్రి ఇంటికొచ్చి సంగటి కెలికి, ఆ వేళ్ళతోనే వేడివేడిగా ముద్దలు చేసి పిల్లలకు పెట్టేదట. ‘మంట పుడతా ఉందా మా అని అడిగితే, సంగటి సల్లారిపోతాది తినండ్రా అనేది’ అన్నారు. ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేకపోయారు. ఆ ఒక్క మాటే కార్డులో వేశాం. సాగరం తీసేశాం.

అందులో అలంకారం లేదు, ప్రాస లేదు. యంత్రం అలాంటిది రాయలేదా అంటే రాయగలదు. సొన గురించి, సంగటి గురించి మనం చెబితే అంతకంటే నున్నగా రాసి చేతికిస్తుంది. కానీ చెప్పాల్సింది మనమే. ఆ రాత్రి ఆ పొయ్యి దగ్గర కూర్చున్నది ఆయన. యంత్రానికి లెక్కలేనన్ని పేజీలు చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో అంచనా కట్టడం నేర్పించారు. మన అవధానాల్లో నిషిద్ధాక్షరి చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పద్యం కడుతూ అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతుందో ఎదురుగా కూర్చుని పరీక్షించే పృచ్ఛకుడు ఊహించి అదే వద్దంటాడు. ఊహకు అందే దారి మూసుకుపోయాక అవధాని ఇంకో దారి వెతుక్కుంటాడు. సభ చప్పట్లు కొట్టేది అక్కడే. అమ్మ అనగానే ప్రేమ, ప్రేమ అనగానే సాగరం. పృచ్ఛకుడు ముందే పసిగట్టి వద్దనే దారి ఉందే, యంత్రం మామూలుగా నడిచేది అందులోనే.

ఆ దారిలో నడిచే మనుషులూ తక్కువేం లేరు. మా ఊరి కట్టమంచిలో 1880లో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914 నాటి విమర్శ గ్రంథం ‘కవిత్వతత్త్వవిచారము’లో ప్రబంధ కవులను నిలదీసింది ఇలాంటిదాని గురించే. ఒకరి వెనక ఒకరు అవే వర్ణనలు చేసుకుంటూ పోతే అందులో కవి చూసినదేముంది, అనుభవించినదేముంది? కంప్యూటర్ మాటే లేని రోజుల్లో మా ఊరాయన లేవనెత్తిన వాదం ఇది. ఇవాళ మళ్ళీ పనికొస్తోంది.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసే సంగతి ఇంకొకటుంది. యంత్రం ఎవరికైనా రాస్తుంది. పొద్దున ఒకరి అమ్మ మీద రాసిందే సాయంత్రం ఒక నాయకుడి ఫ్లెక్సీకి ‘పేదల పెన్నిధి’ అని రాస్తుంది. గంట తర్వాత ఆయన ప్రత్యర్థికి అంతకంటే గొప్పగా రాస్తుంది. రెండూ నా స్క్రీన్ మీద పక్కపక్కనే ఉంటాయి. కొన్నిటికి అదీ ఒప్పుకోదు, నిజమే. ఆ హద్దులు తయారుచేసిన కంపెనీలు గీసినవి. 1950లో ఆలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త, యంత్రం ఆలోచించగలదా అని చర్చిస్తూ కొన్ని ప్రశ్నలూ జవాబులూ ఊహించి రాశాడు. స్కాట్లండులోని ఫోర్త్ వంతెన మీద సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం, రాయమన్నది మొదటి ప్రశ్న. ‘నన్ను వదిలేయండి, నాకు కవిత్వం ఎప్పుడూ చేతకాలేదు’ అన్నది జవాబు. ఇవాళ్టి యంత్రం అలా అనదు. అడిగిన మరుక్షణం రాసి పడేస్తుంది.

తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) కథ మన వైపు చాలామందికి తెలుసు. సాళువ నరసింగరాయలు ఆయన పదాలు విని మురిసిపోయి, అలాంటిది తన మీద ఒకటి చెప్పమన్నాడు. హరిని పొగిడే నోటితో మనిషిని పొగడలేనన్నాడు అన్నమయ్య. రాజు సంకెళ్ళు వేయించాడు. అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన జీవితచరిత్రలో ఈ కథ ఉంది. వేల సంకీర్తనలు కట్టినవాడికి రాజు మీద ఒక్క పదం కట్టడం ఎంత పని? చేతకాక మానలేదు, నోరు రాక మానాడు. ఈ మాట నాది, దీనికి నేను పూచీ, అననందుకు పడే శిక్ష కూడా నాదే అని నిలబడడంలోనే నాకు మనిషి కనబడతాడు. పాకాల నుంచి వచ్చినాయన ఆ ఒక్క మాటకు అలాగే పూచీపడ్డారు. ఊళ్ళో ఎవరడిగినా, అవును, మా యమ్మ ఇట్లనే అనేది అని చెప్పగలరు. సాగరానికి పూచీ ఎవరు?

ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ సందర్భంగా బడుల్లో కవితల పోటీలు పెడతారు. దయచేసి ఆ కవితలు ఇంటి దగ్గర రాసుకురమ్మనకండి. అక్కడే కూర్చోబెట్టి, వాళ్ళ వీధి మీద, వాళ్ళింట్లో మనుషుల మీద రాయించండి. ఒక స్కూలు సంచికకు పిల్లల కవితలు టైప్ చేశాను. ‘చెట్టు మన నేస్తం, నీరు మన ప్రాణం’ అంటూ దాదాపు అన్నీ ఒకే తీరు. మధ్యలో ఏడో తరగతి పాప రాసింది ఒకటి దొరికింది. ‘ట్యాంకర్ వచ్చే రోజు మా అవ్వకి కాళ్ళ నొప్పులుండవు’ అని ఉంది. చిత్తూరులో నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని నిలబడినవాళ్ళకు ఆ మాట విలువ చెప్పక్కర్లేదు. ప్రాస లేదని దాన్ని తీసేయమన్నారు. బతిమాలి చివరి పేజీలో పెట్టించాను.

మీ ఆదివారం కవితల పేజీకి కూడా ఒక నియమం పెట్టండి. ఏఐ చేత రాయించిన కవితైతే ఆ సంగతి కవిత కిందే వేయండి. దాచిపెట్టి పంపేవాళ్ళు ఉంటారు, అయినా నియమమంటూ ఉంటే నిజం చెప్పేవాళ్ళకు దారి దొరుకుతుంది. అదే పేజీలో నెలకోసారైనా బడిపిల్లలు అక్కడికక్కడే రాసిన నాలుగు కవితలకు చోటివ్వండి. చిత్తూరు బడుల నుంచి వచ్చేవాటిని టైప్ చేసి పంపే పని నేను చూసుకుంటాను. డబ్బులేమీ అక్కర్లేదు.

నమస్కారాలతో,
ఒక డీటీపీ షాపు నిర్వాహకురాలు,
కట్టమంచి, చిత్తూరు