ఎన్‌ఎస్‌-10కి ఆ పేరు ఊరికే రాలేదు

సంపాదకులకు,

ఇంటి స్టూడియోల మీద మీరు వేసిన వ్యాసంలో యమహా ఎన్‌ఎస్‌-10 స్పీకరు ప్రస్తావన సంతోషం కలిగించింది. అయితే ‘అది నాసిరకం స్పీకరు కాబట్టే, దాని మీద బాగున్న పాట ఎక్కడైనా బాగుంటుంది’ అన్న మాట సరికాదు. ఆ మాట నమ్మి ఏదో ఒక చౌక స్పీకరు మీద మిక్స్ చేస్తే, అంటే గొంతునీ వాద్యాలనీ సరైన పాళ్లలో కలిపితే, పని చెడుతుంది.

1978లో యమహా దీన్ని ఇళ్లలో వినడానికే తెచ్చింది. హైఫై విమర్శకులు పెదవి విరిచారు. దానికి విలువ తెచ్చింది బాబ్ క్లియర్‌మౌంటెన్ వంటి మిక్స్ ఇంజినీర్లు. దీని బలమంతా గాలి రంధ్రం లేని, పది లీటర్ల మూసిన పెట్టెలో ఉంది. రంధ్రమున్న చిన్న పెట్టెల్లో సిగ్నల్ ఆగాక కూడా బేస్ (మంద్ర ధ్వని) కాసేపు మోగుతూనే ఉంటుంది. ఇందులో వెంటనే ఆగుతుంది. అందుకే కిక్ డ్రమ్ ఎక్కడ ముగిసిందో, బేస్ గిటార్ ఎక్కడ మొదలైందో తేటగా వినబడుతుంది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో చేసిన కొలతలూ ఇదే చూపాయి.

లోపాలూ ఉన్నాయి. 1.5–2 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం ఉబ్బుగా ఉంటుంది. గొంతూ గిటారూ ఒకదాన్నొకటి తొక్కుతుంటే అక్కడే దొరికిపోతాయి. కానీ చెవికి గుచ్చుతోందని ఆ భాగాన్ని ఈక్వలైజర్‌తో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో సర్దే సాధనంతో) కోసేస్తే, వేరే స్పీకర్లలో పాట బోలుగా వినిపిస్తుంది. అడుగు బేస్ దీనిలో దాదాపు రాదు, దానికి మంచి హెడ్‌ఫోన్లు తప్పవు.

పాతది కొనేవాళ్లు ముందు ఏ మోడలో చూడండి. మొదటి ఎన్‌ఎస్‌-10ఎం నిలువుగా పెట్టేది, ట్రెబుల్ (హెచ్చు స్థాయి ధ్వని) పదును ఎక్కువ. ఆ ట్రెబుల్‌ని పలికే చిన్న స్పీకరైన ట్వీటర్ ముందు టిష్యూ పేపర్ అంటించే అలవాటు దానివల్లే వచ్చింది. 1987లో వచ్చిన స్టూడియో మోడల్‌ని అడ్డంగా పెడతారు. దానిలో ట్రెబుల్ తగ్గించారు, టిష్యూ అక్కర్లేదు. పైగా కాగితం మందాన్ని బట్టి, ట్వీటర్‌కి ఉన్న దూరాన్ని బట్టి ధ్వని మారిపోతుంది.

వూఫర్ (బేస్‌ని పలికే పెద్ద స్పీకరు) ముందుండే కాగితపు కోన్‌కి కావాల్సిన గుజ్జు దొరకక 2001లో తయారీ ఆగింది. అసలైన వూఫర్ దొరకడం కష్టం కాబట్టి కొనేముందే పరీక్షించాలి. దగ్గరగా చూస్తే తెల్ల కాగితాన్ని వంచి అంటించిన అతుకు కనిపిస్తుంది, అది పగులు కాదు. కోన్ నడిమధ్య ఉండే మూత, అంటే డస్ట్ క్యాప్ చుట్టూ వేళ్లు సమంగా ఆనించి మెల్లగా నొక్కండి. గీరుకున్న శబ్దం వస్తే కోన్‌ని కదిపే తీగచుట్ట (వాయిస్ కాయిల్) పక్కకి జరిగినట్టే. వైర్లు విప్పి మల్టీమీటర్ పెడితే ఎనిమిది ఓముల వూఫర్ ఆరు ఓముల దరిదాపుల్లో చూపాలి, రెండు పెట్టెల్లోనూ అంకె దగ్గరగా ఉండాలి. కోన్ పసుపెక్కితే దిగులు లేదు. రంగు మాత్రం వేయకండి, బరువు పెరిగి ధ్వని మారుతుంది.

ట్వీటర్లు ఎక్కువగా కాలేది చిన్న యాంప్లిఫయర్‌ని శక్తికి మించి తోసినప్పుడే. సిగ్నల్ కొస తెగి, ఆ అదనపు శక్తి పై ఫ్రీక్వెన్సీల్లో ట్వీటర్‌కి చేరుతుంది. అవసరం కంటే పెద్ద యాంప్లిఫయర్ పెట్టి, వాల్యూమ్ అదుపులో ఉంచుకోండి.

– ఒక సౌండ్ ఇంజినీరు